ఇంటాయన ఫీల్డుకు వెళ్ళేముందు, వెళ్ళాక: మిలటరీ ఇళ్ళవాళ్ళు చేసుకోవాల్సిన ఏర్పాట్లు

సరిహద్దులో ఉన్న మనిషి గురించి భయం ఉంటుంది. దాన్ని ఎవరూ పూర్తిగా తీసేయలేరు. కానీ ఫీల్డు పోస్టింగుకు, అంటే కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళలేని సరిహద్దు ప్రాంతానికి, వెళ్ళిన జవాను ఇంట్లో నిద్ర చెడగొట్టేవి చాలావరకు సరిహద్దు నుంచి వచ్చేవి కావు. ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్ళి ఇక్కడ పని ఆగిపోతుంది. కౌలు డబ్బు ఎవరి చేతికి రావాలో తేలదు. పది నిమిషాల ఫోను కాల్ దగ్గర అత్తాకోడళ్ళకు మనసులు నొచ్చుకుంటాయి. నాన్నగారికి ఒంట్లో బాగాలేదని అబ్బాయికి చెప్పాలా వద్దా అని వారం రోజులు మథనపడతారు. ఇవన్నీ ముందే తేల్చుకోదగ్గవి. తేల్చుకుంటే మిగిలే భయం మోయగలిగినంతే ఉంటుంది.

తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళో కొత్తకోడలికి ఇవన్నీ పక్కింటివాళ్ళే చెబుతారు, తరాలుగా ఆ ఊరు సైన్యంతో ముడిపడి ఉంది కాబట్టి. వీధి మొత్తానికి మీదొక్కటే మిలటరీ ఇల్లయితే ఆ తోడు మీరే కూర్చుకోవాలి.

బయల్దేరడానికి మూడు వారాల ముందు

ఆఖరి వారం దాకా ఆగొద్దు. ఆ వారంలో చుట్టాలు వస్తారు, మనసులు బరువుగా ఉంటాయి, చిన్న మాటకే పోట్లాటలు అవుతాయి. ప్రేమ తగ్గి కాదు, విడిపోయే రోజు దగ్గరపడితే అలాగే ఉంటుంది. అలాంటప్పుడు నామినీ గురించి మాట తీస్తే తప్పుగా వినిపిస్తుంది. అందుకే కాగితాల పని మూడు వారాల ముందే మొదలుపెట్టండి.

మొదటిది పేర్లు. మన తెలుగువాళ్ళకు ఎక్కువ చిక్కు ఇక్కడే. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్లో పూర్తిగా ముందు ఉంటుంది, సర్వీసు రికార్డులో ఒక్కోసారి చివరికి వెళ్తుంది. భార్య ఆధార్లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. ఎవరికీ అనుమానం రాకుండా ఏళ్ళు గడుస్తాయి, ఆస్పత్రిలోనో పిల్లల ఫీజు దగ్గరో కాగితం వెనక్కి వచ్చినప్పుడు బయటపడుతుంది. ఆయన సర్వీసు రికార్డులో భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు ఏ స్పెల్లింగుతో, ఏ పుట్టిన తేదీతో ఉన్నాయో యూనిట్ క్లర్కును అడిగి ఒక కాగితం మీద రాయించుకు రమ్మనండి. దాన్ని ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ఏది మార్చాలో ఆ క్లర్కే చెబుతాడు.

పెళ్ళయినా బిడ్డ పుట్టినా అది పార్ట్ టూ ఆర్డర్లో, అంటే జవాను సొంత వివరాల మార్పులు నమోదయ్యే యూనిట్ ఉత్తర్వులో, పడాలి. పడకపోతే ఆర్మీ లెక్కలో ఆ మనిషి లేనట్టే. వైద్యం, క్యాంటీన్ కార్డు, పిల్లల చదువు అలవెన్సు అన్నీ దాని మీదే నడుస్తాయి. వివాహ ధ్రువపత్రం, దంపతుల ఫోటో, బిడ్డ జనన ధ్రువపత్రం ఆయన వెంట వెళ్ళాలి. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగితే జనన ధ్రువపత్రం అక్కడి పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో వస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చేలోపే పేరు స్పెల్లింగు సరిచూసుకోవడం మరచిపోవద్దు.

రెండోది నామినేషన్. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రావిడెంట్ ఫండ్, బ్యాంకు ఖాతా, విడిగా కట్టే పాలసీలు, దేనికది వేరే నామినేషన్. పెళ్ళికి ముందు చేరిన కుర్రాడు తల్లి పేరో తండ్రి పేరో రాసి ఉంటాడు, తర్వాత మార్చడం గుర్తుండదు. ఎవరి పేరు ఎక్కడ ఉండాలన్నది ఆయన ఇష్టం. కానీ రాసింది భార్యకూ తల్లిదండ్రులకూ ఆయన నోటితోనే, ఒకేసారి, అందరూ కూర్చున్నప్పుడు చెప్పాలి. ఇది అశుభం మాట అని పెద్దవాళ్ళు ఆపబోతారు. ఆపనివ్వొద్దు. చెప్పకుండా వెళ్తే అత్తింటికీ కోడలికీ మధ్య అనుమానం అక్కడే మొదలవుతుంది, ఆయన క్షేమంగా ఉన్న రోజుల్లోనే.

మూడోది డబ్బు. జీతం ఖాతాను భార్యతో కలిపి 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోవచ్చు) జాయింటు చేయండి, లేదా ఆమె సొంత ఖాతాకు నెల మొదటి వారంలో ఇంటిఖర్చు దానంతటదే పడేట్టు బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. తల్లిదండ్రులకు ఇచ్చేది కూడా అలాగే విడిగా, నేరుగా వాళ్ళ ఖాతాకే వెళ్ళాలి. కోడలి చేతి మీదుగా అత్తగారికీ వద్దు, మామగారి చేతి మీదుగా కోడలికీ వద్దు. ఏటీఎం కార్డు ఇచ్చి వెళ్తే చాలనుకుంటారు. కార్డు బ్లాకైతే తిరిగి తెరిపించడానికి కావాల్సిన ఓటీపీ ఎక్కడో కొండమీద సిగ్నల్ లేని ఫోనుకు వెళ్తుంది.

ఆ ఓటీపీ సంగతి విడిగా చెప్పుకోవాలి. గ్యాసు బుకింగు, కరెంటు బిల్లు, స్కూలు యాప్, రేషన్ కార్డు, ఇంటర్నెట్, పొలం నమోదు, ఆయన నంబరుతో ఉన్నవన్నీ ఒక జాబితా రాసి ఒక్కొక్కటే భార్య నంబరుకు మార్చండి. పిల్లల ఆధార్లకు, పెద్దవాళ్ళ ఆధార్లకు కూడా ఇంట్లో ఉండే నంబరే ఉండాలి. ఆధార్లో నంబరు మారడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ముందు దానితో మొదలుపెట్టండి.

ఆయన వెళ్ళేది జమ్మూ కాశ్మీర్‌కో లడఖ్‌కో అయితే మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకునే వెళ్ళాలి. రైలు దిగి రెండు రోజులైనా ఫోను కలవలేదని ఇంట్లో ఏడుపులు పడితే, కారణం తరచుగా ఇదే.

పొలం ఉన్నవాళ్ళు కౌలు మాట నోటితో వదిలేయొద్దు. సార్వాకు (ఖరీఫ్) ఎన్ని బస్తాలు, దాళ్వాకు (రబీ) ఎన్ని, 75 కేజీల బస్తానా, ధాన్యమా డబ్బా, ఏ నెలలో, ఎవరి ఖాతాకు, ఇవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) ఎవరి పేరున నమోదవుతుందో కూడా అందులో ఉండాలి. కొబ్బరితోటైతే దింపు ఎవరు చేయించాలి, లెక్క ఎవరికి చెప్పాలి. అమ్మకమో తనఖానో జరిగే అవకాశం ఉంటే ఆ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. అన్నిటికీ సరిపోయే పవర్ ఇవ్వమని సొంత అన్నదమ్ములు అడిగినా తొందరపడొద్దు.

ఆయన లేనప్పుడు గట్టు జరిపారనో కోర్టులో దావా వేశారనో నోటీసు వస్తే కంగారుపడి రాజీ కాగితం మీద సంతకం చేయకండి. 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం ఇలాంటివాళ్ళ కోసమే ఉంది. యుద్ధ పరిస్థితుల్లోనో ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్న సైనికుడి మీది కేసును కోర్టు వాయిదా వేయడానికి అది వీలిస్తుంది. నోటీసు కాపీ ఆయనకు పంపండి. కమాండింగ్ ఆఫీసరు నుంచి కలెక్టరుకో ఎస్పీకో ఉత్తరం రాయించమనండి. అదే రోజు మీరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. అది మాజీ సైనికులకే అనుకుంటారు, సర్వీసులో ఉన్నవాళ్ళ కుటుంబాలకూ సాయం చేస్తుంది.

చేతికందే చోట ఒక ఫైలు

ఇంట్లో అందరికీ తెలిసిన చోట, వరద వస్తే ముందు చేతిలోకి తీసుకోగలిగే ప్లాస్టిక్ సంచిలో ఒక ఫైలు ఉండాలి. మొదటి కాగితం మీద:

ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పూర్తి పేరు, యూనిట్ పేరు.
ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామా: 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ, 9తో మొదలయ్యే ఆరంకెల పిన్‌తో సహా.
యూనిట్ ఆఫీసు నంబరు, సుబేదార్ మేజర్ సాబ్ నంబరు, ఒకే యూనిట్లో ఉన్న తెలుగువాడు ఎవరైనా ఉంటే ఆయన నంబరు, ఆయన భార్య నంబరు.
ఆయన సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసు చిరునామా. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు (ఇంజనీరు దళం) బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, వాహనాలు, పరికరాల మరమ్మతు చూసే ఈఎంఈకి సికింద్రాబాద్. మీది ఏదో రాసి పెట్టుకోండి.

దాని వెనక డిపెండెంట్ కార్డులు, నామినేషన్ కాపీలు, పాలసీలు, పొలం కాగితాల జిరాక్సులు, కౌలు కాగితం, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు. పిల్లల చదువు అలవెన్సుకు ఏడాది చివర స్కూలు హెడ్మాస్టరు సంతకంతో సర్టిఫికెట్ కావాలి. 2024 జనవరి నుంచి అది నెలకు బిడ్డకు 2812 రూపాయల 50 పైసలు, ఇద్దరు పిల్లల వరకు. సెలవులకు స్కూలు మూసేముందే అడిగి తీసుకోండి.

ఈ మొదటి కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. యూనిట్ ఎక్కడుందో, ఎక్కడికి కదులుతోందో చుట్టాలకు కూడా చెప్పక్కర్లేదు. ఎవరైనా అడిగితే 'నార్త్‌లో ఉన్నారు' అంటే చాలు.

ఫోను

మాట్లాడటానికి దొరికేది పది నిమిషాలు. అమ్మ ఏడుస్తుంది, నాన్న వాతావరణం అడుగుతారు, పిల్లలు ఫోను లాక్కుంటారు, భార్య చేతికి వచ్చేసరికి లైను కట్. ఇది నెలల తరబడి జరిగితే ఆమె లోపల్లోపల కుమిలిపోతుంది, పైకి చెప్పుకోలేదు. చెబితే 'కన్నతల్లి కంటే ఎక్కువా' అనే మాట వస్తుంది. దీనికి మందు ఒకటే: అమ్మానాన్నలకు వేరే కాల్, వేరే రోజు, వాళ్ళ ఫోనుకే. ఈ ఏర్పాటు కోడలు అడిగినట్టు ఉండకూడదు. వెళ్ళేముందు అబ్బాయే 'అమ్మా, నీతో ఆదివారం మాట్లాడతాను' అని చెప్పాలి.

మాట్లాడే ముందు రెండు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఒకటి ఇంటి విషయం, ఒకటి పిల్లలది, ఒకటి నవ్వుకునేది. గొడవ మధ్యలో లైను కట్టయితే తర్వాతి కాల్ దాకా ఇద్దరికీ నరకమే. కాబట్టి డబ్బు విషయాలు, తోడికోడళ్ళ విషయాలు మెసేజ్‌లో రాయండి, లేదా ఆయన తీరిగ్గా ఉన్న రోజుకు ఉంచండి.

ఎన్ని రోజులు ఫోను రాకపోతే కంగారుపడాలన్నది ఆయన్నే అడిగి పెట్టుకోండి. ఎత్తయిన పోస్టుల మీద, కదలికలున్నప్పుడు, మంచు పడ్డప్పుడు వారం పది రోజులు మాట లేకపోవడం మామూలు. 'మామూలుగా పది రోజులు' అని ఆయన అంటే, ఇరవై రోజుల దాకా ఎదురుచూసి, ఆ తర్వాత యూనిట్ నంబరుకు ఇంట్లో ఒక్కరే ఫోను చేయాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి చేస్తే ఎవరికీ సరైన జవాబు రాదు.

టీవీ గురించి కచ్చితంగా ఉండండి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో చానళ్ళలో వచ్చిన వార్తల్లో నిజమెంతో రోజులు గడిచాక గానీ తేలలేదు. అలాంటి రోజుల్లో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వార్తలు చూస్తే చాలు, పిల్లలు లేనప్పుడు. 'మీ ఆయనకు గాయమైంది, ఆస్పత్రికి డబ్బు కట్టాలి' అని ఫోను వస్తే అది మోసం. ఆర్మీ ఆస్పత్రి జవాను వైద్యానికి ఇంటివాళ్ళను డబ్బు అడగదు. పెట్టేసి యూనిట్ నంబరుకు చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి.

చెడు కబురు దాచొద్దు

'అక్కడున్నవాడికి ఎందుకు చెప్పడం, మనసు పాడవుతుంది' అనే మాట ప్రతి ఇంట్లో ఉంటుంది. ప్రేమతోనే అంటారు. కానీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఆయనా ఉంటాడు. నాన్నను అమలాపురం ఆస్పత్రిలో చేర్చిన సంగతి ఎవరో 'త్వరగా కోలుకోవాలి' అని పెడితే తెలుస్తుంది. ఆ రోజు నుంచి మీరు 'అందరం బాగున్నాం' అన్న ప్రతిసారీ ఆయన నమ్మడు. తుపాకీ చేతిలో ఉన్న మనిషికి ఆ అనుమానం అసలు కబురు కంటే ప్రమాదం.

చెప్పేవాళ్ళు ఒక్కరే ఉండాలి, ఏడవకుండా చెప్పగలిగినవాళ్ళు. ముందు 'ఇప్పుడు డ్యూటీలో ఉన్నావా, పక్కన ఎవరైనా ఉన్నారా' అని అడగాలి. మొదటి వాక్యంలోనే ఇప్పుడెలా ఉందో రావాలి: 'నాన్నకు నిన్న గుండెనొప్పి వచ్చింది, ఇప్పుడు స్పృహలో ఉన్నారు, కాకినాడలో చేర్చాం.' తర్వాత ఏం చేశారో, డబ్బు ఎలా సర్దారో. చివరగా, ఆయన నుంచి ఏం కావాలో: ఏమీ అక్కర్లేదా, ఒక నిర్ణయం కావాలా, రావాలా. ఈ చివరిది చెప్పకపోతే ఆయన రాత్రంతా అదే ఆలోచిస్తాడు.

ప్రాణం మీదికి వచ్చినదైనా, మరణమైనా ముందు యూనిట్‌కు చెప్పండి. అక్కడి సీనియర్లు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు, సెలవు కాగితం అప్పుడే కదులుతుంది. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, రోగితో బంధుత్వం, ఆస్పత్రి పేరు, డాక్టరు చీటీ ఫోటో ఒకే మెసేజ్‌లో పంపండి.

పెద్దవయసు తల్లిదండ్రులున్న ఇంట్లో ఇంకొక్క మాట కూడా మాట్లాడుకోవాలి. లోపలి పోస్టు నుంచి కిందికి దిగి, విమానమో రైలో పట్టుకుని, రాజమండ్రిలో దిగి కోనసీమ చేరేసరికి రోజులు పట్టవచ్చు. మంచు కురిస్తే దిగడమే కుదరకపోవచ్చు. ఫ్రీజర్ బాక్సులో పెట్టి ఎన్నాళ్ళు ఎదురుచూడాలి, రాలేకపోతే తలకొరివి ఎవరు పెట్టాలి అన్నది ఆ పెద్దాయన్నే, ఆ పెద్దమ్మనే అడిగి ఉంచుకోండి. చాలామంది పెద్దవాళ్ళు మనం భయపడినంత కష్టపడకుండా చెబుతారు. వాళ్ళ మాటే ఉంటే కొడుకుకు జీవితాంతం ఆ దోషభావం ఉండదు.

వరదలు, తుపాన్లు

జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. కానీ సరిహద్దులో టీవీ ముందున్న మనిషికి గోదావరి మొత్తం తన ఇంట్లోకి వచ్చినట్టే కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. కరెంటు పోతే ఇక్కడి టవర్లు పడిపోతాయి, 'స్విచ్ఛాఫ్' అని వినిపిస్తుంది. 1996 నవంబరు తుపాను తెలిసిన కోనసీమవాడు హడలిపోవడానికి ఆ మాట చాలు.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న ఒక చుట్టాన్ని కబురు మనిషిగా పెట్టుకోండి. మీరు వాళ్ళకు చెబితే చాలు, ఆయన కూడా వాళ్ళకే చేస్తాడు. కాల్ కలవనప్పుడు కూడా మామూలు ఎస్సెమ్మెస్ వెళ్ళే అవకాశం ఉంటుంది: 'అందరం క్షేమం. హైస్కూలు బిల్డింగులో ఉన్నాం. రేపు పొద్దున 8కి మళ్ళీ.' రెండో హెచ్చరికకు ముందే పవర్ బ్యాంకు నింపి, పెద్దవాళ్ళ మందులు రెండు వారాలకు సరిపడా తీసి, ఫైలు సంచిలో పెట్టేయండి. గర్భిణి ఉంటే అప్పటికే లంక దాటించాలి.

పిల్లలు

మూడేళ్ళలోపు పిల్లలకు నాన్న గొంతు రికార్డు చేయించి పెట్టండి: నాలుగు కథలు, అన్నం తినిపించేటప్పటి మాటలు, పేరు పెట్టి పిలవడం. రోజూ ఒకే సమయానికి వినిపించాలి. లేకపోతే లీవులో వచ్చిన తండ్రిని చూసి బిడ్డ ఏడ్చి అమ్మ వెనక దాక్కుంటుంది, ఆయన మనసు విరిగిపోతుంది.

నాలుగైదేళ్ళవాళ్ళు 'ఎప్పుడొస్తారు' అని అడుగుతారు. తేదీ చెప్పకండి. లీవు మారిపోతే మీరు అబద్ధమాడినట్టవుతుంది. 'కోతలయ్యాక వచ్చే వీలుంది, మారితే నీకే ముందు చెబుతాను' అనండి. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే తిట్టొద్దు, రాత్రి నిద్రలో ఒకసారి లేపి తీసుకెళ్ళండి. నెల దాటితే డాక్టరుకు చూపించండి. క్లాసు టీచరుకు తండ్రి ఫీల్డులో ఉన్నాడని చెప్పి ఉంచాలి, మార్కులు పడిపోయినప్పుడు బెత్తం పట్టకుండా మాట్లాడుతుంది.

పదీ పన్నెండేళ్ళ కొడుకుతో 'ఇక ఇంటికి మగాడివి నువ్వే' అని ఎవరినీ అననివ్వకండి. ఆ మాట విన్న పిల్లాడు ఏడవడం మానేస్తాడు, ఆడుకోవడం కూడా. వాడికి వాడి వయసు పని ఇవ్వండి: సైకిలుకు గాలి కొట్టించడం, తాతయ్య మందులు తేవడం. అంతవరకే.

సంక్రాంతి అందరికీ కష్టమే. ముందే ఒక పని అనుకుంటే గడుస్తుంది: పుట్టింటికి వెళ్ళడమో, అత్తింట్లోనే పిల్లలతో అరిసెలు వండించి పార్సిల్ కట్టించడమో. ఏపీఓ పార్సిల్ మెల్లగా వెళ్తుంది. పూతరేకులు పొడి అవుతాయి, పచ్చడి సీసా నూనె కారుతుంది. జంతికలు, తాపేశ్వరం మడత కాజా బాగా చేరతాయి.

ఒంటికి, మనసుకు

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, కారణం లేని తలనొప్పి, కడుపునొప్పి, గుండెదడ, పిల్లల మీద చెయ్యెత్తడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం. ఇందులో ఏది ఉన్నా 'దిగులులే' అని వదిలేయొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. కాన్పయిన ఆడపిల్ల బిడ్డను చూడటానికి ఇష్టపడకపోయినా, ఊరికే ఏడుస్తున్నా ఏఎన్ఎమ్‌కు ఆ వారంలోనే చెప్పాలి. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా 14416కు గానీ 112కు గానీ చేయండి.

చుట్టుపక్కలవాళ్ళు సాయం చేయాలనుకుంటే 'ఏదైనా కావాలంటే చెప్పమ్మా' అనకండి. ఎవరూ అడగరు. 'వదినా, బుధవారం నేను భీమవరం వెళ్తున్నాను, పిల్లల్ని నేనే స్కూలు నుంచి తెస్తాను' అనండి. ఆయన ఎప్పుడొస్తాడని కనిపించిన ప్రతిసారీ అడగకపోవడం కూడా పెద్ద సాయమే.

లీవుకు వచ్చాక

ఏడాదికి అరవై రోజుల యాన్యువల్ లీవు, ముప్ఫై రోజుల క్యాజువల్. చాలామంది ముక్కలుగా తీసుకుంటారు. మొదటి మూడు రోజులు చుట్టాల ఇళ్ళు, మొక్కులు, పొలం పంచాయితీలు పెట్టొద్దు. ఆయన పడుకుంటాడు, అర్ధరాత్రి లేస్తాడు, టపాకాయ పేలితే ఉలిక్కిపడతాడు. నిద్రలో ఉన్నప్పుడు ఒంటి మీద చెయ్యి వేసి కాకుండా పేరుపెట్టో 'ఏవండీ' అనో దూరం నుంచి పిలవండి.

ఇన్నాళ్ళూ ఇల్లు నడిపింది ఆమె. వచ్చిన మర్నాడే లెక్కలు అడిగినా, పిల్లల్ని ఆమె ఎదురుగా గదిమినా గొడవ ఖాయం. వారం రోజులు ఆమె పద్ధతినే నడవనివ్వండి, తర్వాత ఇద్దరూ కూర్చుని ఏది ఎవరు చూడాలో మాట్లాడుకోండి. కోపం, తాగుడు, నిద్రలేమి నెల దాటినా తగ్గకపోతే యూనిట్ డాక్టరుకు చెప్పించుకోమనండి. టెలీ మానస్‌లో సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో 2023 డిసెంబరులో విడిగా విభాగం మొదలైంది.

లీవు ఆఖరి వారంలో ఫైలు మళ్ళీ తీయండి. మారిన నంబర్లు, కొత్త పిన్ కోడు, పుట్టిన బిడ్డ పేరు, తీరిపోయిన పాలసీ, కొత్త కౌలుదారు. మొదటి కాగితం తిరగరాసి, పాతది చింపేయండి.